ప్రాంప్ట్‌లో ఐఎఫ్ ఉంది, పోర్ట్ నంబర్ లేదు

మాది అక్కయ్యపాలెంలో రెండు గదుల ఆఫీసు. ముగ్గురం. విశాఖ చుట్టుపక్కల గోడౌన్లు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లలో స్విచ్‌లు, రౌటర్లు (కంప్యూటర్లని ఒకదానితో ఒకటి, బయటి నెట్‌తో కలిపే పెట్టెలు) ఏఎంసీ మీద, అంటే ఏడాది కాంట్రాక్టు మీద చూసుకుంటాం. ఈ కేసు గాజువాక వైపు ఉన్న ఒక సరుకు గోడౌన్‌ది. వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు, మొత్తం మాదే. సుమారు ముప్పావు గంట వాళ్ల పని ఆపేశాం.

ముందు అక్కడి అమరిక. గేటు పక్కన ఆఫీసు గదిలో రౌటర్. అక్కడి నుంచి 150 మీటర్ల లోపల గోడౌన్, అందులో 28 పోర్టుల, అంటే వైర్లు గుచ్చే 28 చోట్లున్న సిస్కో స్విచ్. రెంటికీ మధ్య ఒకే ఒక్క ఫైబర్, అది స్విచ్‌లో 25వ పోర్టుకి వస్తుంది. లారీ కాటా దగ్గర పీసీ 5వ పోర్టులో ఉంటుంది. మిగతావి కెమెరాలు, స్కానర్ల వైఫై డబ్బాలు. రెండో ఫైబర్ వెయ్యమని ఏడాదిగా అడుగుతున్నాం. అది వేరే కథ.

ఆ రోజు మా కుర్రాడికి రెండు పనులు అప్పజెప్పాను. చేరి ఐదు నెలలైంది, చురుకైనవాడు. మొదటిది, 25వ పోర్టుకి డిస్క్రిప్షన్ పెట్టడం, అంటే ఈ పోర్టు ఎటు వెళ్తుందో చెప్పే చిన్న పేరు. రెండోది, కాటా పీసీకి నెట్ రావడం లేదని పొద్దున్నే ఫోన్ వచ్చింది. 5వ పోర్టు ఎర్ర్-డిజేబుల్డ్ అయి కూర్చుంది, అంటే ఏదో తేడా చూసి స్విచ్చే దాన్ని ఆపేసింది. దాన్ని ఒకసారి షట్‌డౌన్ చేసి, మళ్లీ నో షట్‌డౌన్ కొట్టి లేపడం మామూలుగా చేసేదే. రెండూ అక్కయ్యపాలెంలో కూర్చుని వీపీఎన్ మీద, అంటే ఇంటర్నెట్‌లో వేసుకున్న సొంత దారి మీద చేసే పనులే. నేను రుషికొండలో ఇంకో క్లయింట్ దగ్గర ఉన్నాను.

పదకొండూ ఇరవైకి ఫోన్.

"అన్నా, గోడౌన్ స్విచ్ హ్యాంగ్ అయిపోయింది. ఏం కొట్టినా స్క్రీన్ మీద పడట్లేదు."

"చివరగా ఏం కొట్టావు?"

"షట్. 5వ పోర్టుకే అన్నా, ఒట్టు."

"ఎంటర్ కొట్టే ముందు ప్రాంప్ట్ ఏముంది?"

"కాన్ఫిగ్-ఐఎఫ్ ఉంది. చూసుకునే కొట్టాను."

ప్రాంప్ట్ అంటే కమాండ్ కొట్టే చోట స్విచ్ చూపించే పేరు, మనం ఏ మోడ్‌లో ఉన్నామో అందులో తెలుస్తుంది. ఐఎఫ్ అంటే ఇంటర్‌ఫేస్, ఏదో ఒక పోర్టు లోపల ఉన్నామని. వాడు అబద్ధం చెప్పలేదు. చూసుకునే కొట్టాడు. ఈ కేసంతా ఆ జవాబులోనే ఉంది, కానీ అది అర్థం కావడానికి నాకు ఇంకో అరగంట పట్టింది.

స్విచ్ హ్యాంగ్ అవ్వలేదని మాత్రం అప్పుడే తెలిసింది. రిమోట్‌గా పని చేసేటప్పుడు మనం కొట్టిన అక్షరం తెర మీద కనపడాలన్నా, అది స్విచ్ దాకా వెళ్లి తిరిగి రావాలి. దారి తెగితే అక్షరాలు కూడా రావు. చూసేవాడికి పెట్టె చచ్చిపోయినట్టే ఉంటుంది. రౌటర్ వైపు నుంచి చూడమన్నాను. గోడౌన్‌కి వెళ్లే పోర్టు డౌన్ అని చూపిస్తోంది.

గోడౌన్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి స్విచ్ ప్లగ్ పీకి మళ్లీ పెట్టమంటే సరిపోయేది కదా అని చాలామందికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. సిస్కో స్విచ్‌లో ఎంటర్ కొట్టిన క్షణమే కమాండ్ అమల్లోకి వస్తుంది, కానీ అది రన్నింగ్ కాన్ఫిగ్‌లోనే, అంటే అప్పటికి నడుస్తున్న సెట్టింగుల్లోనే ఉంటుంది. సేవ్ చేస్తేనే స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి, అంటే స్విచ్ ఆన్ అయినప్పుడు చదువుకునే సెట్టింగుల్లోకి ఎక్కుతుంది. మావాడు సేవ్ చెయ్యలేదు. కాబట్టి కరెంటు తీసి పెడితే ఆ షట్‌డౌన్ పోయి, పాత కాన్ఫిగ్‌తో పోర్టు లేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అంతకు ముందు వారం నేనే వెళ్లి మూడు కెమెరాల పోర్టులు వేరే వీల్యాన్‌లోకి, అంటే స్విచ్ లోపలే విడగొట్టిన ఇంకో నెట్‌వర్క్‌లోకి మార్చాను. చివర్లో సేవ్ కొట్టానా లేదా? కొట్టానని ఒట్టేసి చెప్పలేకపోయాను. ఒక తప్పు దిద్దబోయి రెండో తప్పు చెయ్యడం ఎందుకని ప్లగ్ జోలికి వెళ్లలేదు.

రుషికొండ నుంచి గాజువాక వెళ్లేసరికి గంట దాటుతుంది. అదృష్టం ఏంటంటే, పోయినసారి వెళ్లినప్పుడు కన్సోల్ కేబుల్ (నెట్‌వర్క్ లేకపోయినా స్విచ్‌ని నేరుగా పీసీకి కలిపే వైరు), దాని యూఎస్‌బీ కన్వర్టర్ ర్యాక్ తలుపు లోపల ట్యాగ్‌తో కట్టి వచ్చాను. పక్కనే స్టోర్ పీసీలో స్విచ్‌కి కమాండ్లు కొట్టే పుట్టీ ప్రోగ్రామ్ కూడా ఉంది. సూపర్‌వైజర్‌కి ఫోన్ కలిపాను. యాభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు ఆయన. నన్ను బాబూ అంటారు, నేను బాబాయ్ అంటాను.

"ఏటి బాబూ, లోపల ఏటీ పన్జెయ్యట్లేదు. బయట లారీలు లైన్లో ఉన్నాయి."

"బాబాయ్, ఆ నీలం రంగు చపటా వైరు తీసుకుని స్విచ్ మీద కన్సోల్ అని రాసి ఉన్నచోట పెట్టండి."

కన్సోల్ పోర్టు చూడటానికి మామూలు నెట్‌వర్క్ పోర్టులాగే ఉంటుంది. ర్యాక్ నిండా నల్లటి దుమ్ము. ఆయన టార్చ్ వేసి, రాసినదాని మీద దుమ్ము గుడ్డతో తుడిచి దొరికించుకున్నారు. పుట్టీలో సీరియల్, స్పీడ్ 9600. తెర నల్లగా ఉంది, ఏమీ లేదు. ఒకసారి ఎంటర్ కొట్టమన్నాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ కొడతంటే పడట్లేదు. కీబోర్డ్ పోయింది బాబూ."

పోలేదు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా రావు. కనపడకపోయినా మొత్తం కొట్టి ఎంటర్ నొక్కమన్నాను. లోపలికి వెళ్లారు. ఇక ఫోన్లో నాకు కళ్లు లేవు. స్విచ్‌లో ఆయన ఎక్కడ నిలబడ్డారో నాకు తెలియాలంటే ప్రాంప్ట్ చివరి గుర్తు ఒక్కటే ఆధారం.

"స్విచ్ పేరు చివర ఏ గుర్తు ఉంది బాబాయ్?"

"చేప తోకలాటిది ఉంది."

అంటే >. అది యూజర్ మోడ్. వాకిట్లో నిలబడ్డట్టు. కొన్ని విషయాలు చూడొచ్చు గానీ, ఏదీ మార్చలేం. ఇక్కడ కాన్ఫిగర్ టెర్మినల్ అని కొడితే ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్ అంటుంది, కమాండ్ స్పెల్లింగ్ ఎంత సరిగ్గా ఉన్నా సరే. కొత్తవాళ్లు స్పెల్లింగ్ తప్పేమోనని పదిసార్లు తిరిగి కొడతారు. తప్పు స్పెల్లింగ్‌లో కాదు, నిలబడ్డ చోటులో. ముందు ఎనేబుల్ అని కొట్టి లోపలికి వెళ్లాలి. ఆ మాట ఒక్కో అక్షరం చెప్పాను.

ఒక నిమిషం నిశ్శబ్దం.

"బాబూ, ఏదో ట్రాన్స్‌లేటింగ్ అంతంది. తెలుగులోకి మారుస్తందేటి?"

ఆ టెన్షన్‌లో కూడా నవ్వు ఆపుకోలేకపోయాను. చివరి రెండు అక్షరాలు తారుమారయ్యాయి. ఆ మోడ్‌లో తెలియని మాట కొడితే, అది ఏదో కంప్యూటర్ పేరనుకుని దాని అడ్రస్ కోసం డీఎన్ఎస్‌లో, అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పే చోట వెతకడం మొదలుపెడుతుంది. అంతసేపూ ప్రాంప్ట్ తిరిగి రాదు. కంట్రోల్, షిఫ్ట్, 6 మూడూ కలిపి నొక్కితే ఆగుతుంది. ఆ వెతుకులాట అసలు జరగకుండా నో ఐపీ డొమైన్-లుకప్ అనే ఒక్క లైన్ ఇన్‌స్టాల్ చేసిన రోజే పెట్టాల్సింది. పెట్టలేదు. అది నా బద్ధకం.

రెండోసారి ఎనేబుల్ సరిగ్గా పడింది. పాస్‌వర్డ్ ఫోన్లోనే చెప్పాను. సాయంత్రం మార్చేశాను లెండి.

"ఇప్పుడు గుర్తు మారిందా?"

"అష్టాచెమ్మా గళ్లలాగ అడ్డగీతలు, నిలువుగీతలు."

అంటే #. ప్రివిలేజ్డ్ మోడ్. ఇక్కడ అన్నీ చూడొచ్చు, సేవ్ చెయ్యొచ్చు, స్విచ్‌ని రీలోడ్ కూడా చెయ్యొచ్చు. పోర్టు సెట్టింగ్ మాత్రం ఇంకా మార్చలేం. షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ అని కొట్టించాను. పేజీ నిండగానే మోర్ అని ఆగింది, స్పేస్ నొక్కమన్నాను. 5వ వరస, 25వ వరస చదవమన్నాను.

"5 దగ్గర ఎర్ర్-డిజేబుల్డ్. 25 దగ్గర డిజేబుల్డ్."

అప్పుడు విషయం తెలిసింది. డిజేబుల్డ్ అంటే మనిషి చేత్తో షట్‌డౌన్ చేసిన పోర్టు. ఎర్ర్-డిజేబుల్డ్ అంటే స్విచ్ తనంతట తను ఆపేసిన పోర్టు. మావాడి షట్ 5వ పోర్టుకి తగిలి ఉంటే, 5 కూడా డిజేబుల్డ్ అని ఉండాలి. అది పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. వాడి షట్ వెళ్లి 25కి తగిలింది. తను ఏ కొమ్మ మీద కూర్చున్నాడో ఆ కొమ్మనే నరుక్కున్నాడు.

కాన్ఫిగర్ టెర్మినల్ కొట్టించాను. పేరు పక్కన బ్రాకెట్లో కాన్ఫిగ్ వచ్చిందన్నారు. తర్వాత ఇంటర్‌ఫేస్ జీఐ1/0/25. బ్రాకెట్లో కాన్ఫిగ్-ఐఎఫ్ అయిందన్నారు. నో షట్‌డౌన్ చెప్పబోయి ఆగాను. ఆయన నిజంగా 25లోనే ఉన్నారని నాకేంటి గ్యారంటీ? 24 అని కొట్టినా, 26 అని కొట్టినా ప్రాంప్ట్ ఇలాగే ఉంటుంది. అందులో ఐఎఫ్ ఉంటుంది గానీ, ఏ ఇంటర్‌ఫేసో ఉండదు. మా కుర్రాడి జవాబు మళ్లీ గుర్తొచ్చింది. కాన్ఫిగ్-ఐఎఫ్ ఉంది, చూసుకునే కొట్టాను.

పై లైన్లో ఏముందో అంకె అంకె చదవమన్నాను. ఒకటి, సున్నా, ఇరవై అయిదు. దాని కింద తప్పుని చూపించే టోపీ గుర్తు (^) గానీ, ఎర్రర్ గానీ ఏదైనా ఉందా? లేదు. అప్పుడు నో షట్‌డౌన్ చెప్పాను.

"ఆరెంజ్ లైటొచ్చింది బాబూ. పాడైపోయిందేటి?"

"లేదు బాబాయ్, అరనిమిషం ఆగండి."

లింకు లేచాక లూప్ ఏమైనా ఉందేమోనని స్విచ్ కాసేపు చూసుకుంటుంది, అంతవరకూ లైటు ఆరెంజ్‌లో ఉంటుంది. ఆ అరనిమిషం ఆయన ఫోన్లో ఊపిరి తీసుకోవడం వినపడుతూనే ఉంది. పచ్చగా మారింది. పన్నెండూ అయిదు. ఎండ్ కొట్టించి, సేవ్ మాత్రం చెయ్యొద్దన్నాను.

సేవ్ ఎందుకు వద్దన్నానంటే, ముందు రన్నింగ్ కాన్ఫిగ్, స్టార్టప్ కాన్ఫిగ్ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మావాడు వీపీఎన్‌లో మళ్లీ ఎక్కి చూశాడు. నేను మార్చిన మూడు కెమెరాల పోర్టుల లైన్లు స్టార్టప్‌లో లేవు. ఆ ప్లగ్ పీకించి ఉంటే, అప్‌లింక్, అంటే రౌటర్‌కి వెళ్లే 25వ పోర్టు దారి, వచ్చేది, మూడు కెమెరాలు పోయేవి. అందులో ఒకటి క్యాష్ కౌంటర్ మీద ఉన్నది.

మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చాను. మావాడు పుట్టీ విండో మూసెయ్యకుండా ఉంచాడు, మంచి పని చేశాడు. పైకి జరిపి చూస్తే ఇదీ వరస, కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను:

గోడౌన్-స్విచ్(కాన్ఫిగ్)# ఇంట్ జీఐ1/0/25
గోడౌన్-స్విచ్(కాన్ఫిగ్-ఐఎఫ్)# డిస్క్రిప్షన్ గేట్-రౌటర్
గోడౌన్-స్విచ్(కాన్ఫిగ్-ఐఎఫ్)# ఇట్న్ జీఐ1/0/5
^
% ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్ డిటెక్టెడ్ ఎట్ '^' మార్కర్.
గోడౌన్-స్విచ్(కాన్ఫిగ్-ఐఎఫ్)# షట్

మూడో లైన్లో రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి. స్విచ్ ఆ లైన్ ఒప్పుకోలేదు, కాబట్టి 25లోంచి 5కి కదలలేదు. ప్రాంప్ట్ ముందు ఎలా ఉందో తర్వాతా అలాగే ఉంది. సరిగ్గా కొట్టి ఉన్నా అలాగే ఉండేది. వాడు కీబోర్డు చూస్తూ కొట్టి, తలెత్తి చివరి లైన్ చూశాడు. కాన్ఫిగ్-ఐఎఫ్ కనపడింది. షట్ కొట్టాడు. మధ్యలో ఉన్న ఎర్రర్ మీదుగా కళ్లు జారిపోయాయి.

ఇంకో మాట. వాడు నోట్‌ప్యాడ్‌లో రాసుకుని ఇంటర్‌ఫేస్ లైను, షట్, నో షట్ మూడూ ఒకేసారి పేస్ట్ చేసి ఉంటే, అదే తప్పుతో కూడా నో షట్ లైను బహుశా దారి తెగకముందే స్విచ్‌కి చేరిపోయి ఉండేది. అప్‌లింక్ ఒక అరనిమిషం పోయి తిరిగి వచ్చేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పేస్ట్ చెయ్యడం మంచి అలవాటని కాదు. మూడు వందల లైన్లు పేస్ట్ చేసినప్పుడు మధ్యలో ఒక ఇంటర్‌ఫేస్ లైను ఇలాగే ఫెయిలైతే, దాని కింద లైన్లన్నీ వెళ్లి ముందు పోర్టు మీద పడతాయి. అది ఇంతకంటే ఘోరం.

ట్రైనింగ్‌లో ఈ మోడ్‌లన్నీ మెట్లలాగ బొమ్మ గీసి చెబుతారు. యూజర్, ప్రివిలేజ్డ్, గ్లోబల్ కాన్ఫిగ్, ఇంటర్‌ఫేస్. కాన్ఫిగ్ మెట్ల మీద ఎగ్జిట్ కొడితే ఒక మెట్టు దిగుతాం, ఎండ్ గానీ కంట్రోల్-జెడ్ గానీ కొడితే నేరుగా బ్రాకెట్ లేని #కి వస్తాం. ఆ బొమ్మ తప్పు కాదు. అందులో చెప్పనిది, ఇంటర్‌ఫేస్ అనే మెట్టు మీద 28 తలుపులున్నాయని, దేని లోపల ఉన్నా బోర్డు ఒకటేనని. పైగా ఒక ఇంటర్‌ఫేస్‌లో ఉండగానే ఇంకో ఇంటర్‌ఫేస్ పేరు కొడితే నేరుగా అందులోకి దూకనిస్తుంది. సౌకర్యమే, అందుకే అందరం అలాగే చేస్తాం. మావాడూ నన్ను చూసే నేర్చుకున్నాడు. షట్‌డౌన్ అనే మాట కూడా ఒక్కోచోట ఒక్కో అర్థం. మామూలు పోర్టులో కొడితే ఒక వైరు ఆగుతుంది. ఇంటర్‌ఫేస్ వీల్యాన్‌లో కొడితే ఆ వీల్యాన్‌లో స్విచ్‌కి ఉన్న ఐపీ అడ్రస్ పోతుంది, అక్కడ కూడా ప్రాంప్ట్ కాన్ఫిగ్-ఐఎఫ్‌యే. వీల్యాన్ మోడ్‌లో కొడితే ఆ స్విచ్‌లో వీల్యాన్ మొత్తం నిద్రపోతుంది.

అన్ని కంపెనీల పెట్టెలూ ఇలా ఉండవు. హువావే స్విచ్‌లో యూజర్ వ్యూ అయితే పేరు < > మధ్య ఉంటుంది, సిస్టమ్ వ్యూలోకి వెళితే [ ] మధ్యకి మారుతుంది, పోర్టులోకి వెళితే ఆ పోర్టు పేరంతా ప్రాంప్ట్‌లోనే కనపడుతుంది. జూనిపర్‌లో ప్రాంప్ట్ పైన ఎడిట్ అని బ్రాకెట్లో ఒక లైన్ వచ్చి మనం ఎక్కడున్నామో దారి మొత్తం చెబుతుంది. పైగా అక్కడ కమిట్ కొట్టేదాకా ఏ మార్పూ అమల్లోకి రాదు. కమిట్ కన్ఫర్మ్‌డ్ కొడితే, పది నిమిషాల్లోగా మళ్లీ కమిట్ కొట్టకపోతే పాత కాన్ఫిగ్‌కి తనే వెళ్లిపోతుంది. మైక్రోటిక్‌లో కంట్రోల్-ఎక్స్ నొక్కితే సేఫ్ మోడ్, మధ్యలో కనెక్షన్ తెగితే చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటుంది. మా దగ్గర నాలుగూ ఉన్నాయి, అసలు తలనొప్పి అదే. సిస్కోలో ముందు బ్రాకెట్ లేకుండా ఉత్తి # ఉంటే ఇంకా కాన్ఫిగ్‌లోకి వెళ్లలేదని. జూనిపర్‌లో # అంటే కాన్ఫిగ్‌లోనే ఉన్నామని, > అంటే బయట ఉన్నామని. లినక్స్ సర్వర్‌లో # అంటే రూట్, అన్ని అధికారాలూ ఉన్న యూజర్. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చేసేవాడికి ఆ గుర్తు ఒక్కటే చూసి భరోసా పడటం ప్రమాదం.

మేం మార్చుకున్నవి పెద్దవేం కాదు. ఒక పోర్టు పని అయ్యాక ఎగ్జిట్ కొట్టి బయటికి వచ్చాకే ఇంకో పోర్టులోకి వెళ్లాలి. అప్పుడు ఇంటర్‌ఫేస్ లైను ఫెయిలైతే ప్రాంప్ట్ ఐఎఫ్‌కి మారదు, చూడగానే తెలుస్తుంది. చూడకపోయినా ఫర్వాలేదు, గ్లోబల్ మోడ్‌లో ఉత్తి షట్ అని కొడితే ఎర్రరే వస్తుంది గానీ ఏ పోర్టూ పడిపోదు. ఒక ఎంటర్ ఎక్కువ, అంతే. మావాడు మొదట్లో విసుక్కున్నాడు, ఇప్పుడు నేను మర్చిపోతే నాకే గుర్తు చేస్తున్నాడు.

రెండోది, దూరం నుంచి అప్‌లింక్ ఉన్న స్విచ్‌ని ముట్టుకునే ముందు కాన్ఫిగ్ సేవ్ చేసి, రీలోడ్ ఇన్ 10 పెట్టాలి. పది నిమిషాల్లో మనం రీలోడ్ క్యాన్సిల్ కొట్టకపోతే స్విచ్ తనే రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన కాన్ఫిగ్‌తో లేస్తుంది. మధ్యలో మార్పులు సేవ్ చెయ్యమంటారా అని అడిగితే వద్దనాలి, లేకపోతే చేసిన తప్పునే సేవ్ చేసినట్టు. పని బాగా జరిగిన రోజు క్యాన్సిల్ కొట్టడం మర్చిపోతే బాగున్న స్విచ్ కూడా రీస్టార్ట్ అవుతుంది. అది కూడా మాకు ఒకసారి జరిగింది. ఇప్పుడు ఫోన్లో ఎనిమిది నిమిషాలకి అలారం పెడుతున్నాం.

ఈ గొడవలో 5వ పోర్టుని అందరం మర్చిపోయాం. సాయంత్రం నాలుగింటికి సూపర్‌వైజరే ఫోన్ చేశారు. "అన్నీ వచ్చాయి గానీ, పొద్దున చెప్పిన కాటా పీసీ అలాగే ఉంది బాబూ."

చూస్తే, దానికీ ఒక కారణం ఉంది. ముందు రోజు కాటా దగ్గర పాత పీసీ తీసేసి కొత్తది పెట్టారట, మాకు చెప్పలేదు. ఆ పోర్టు మీద పోర్ట్ సెక్యూరిటీ ఉంది, తెలిసిన పీసీని తప్ప ఇంకోదాన్ని రానివ్వదు. పాత పీసీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పీసీకి ఉండే గుర్తింపు నంబర్) స్టిక్కీగా, అంటే అంటించుకున్నట్టు గుర్తుపెట్టుకుని, కొత్తది కనపడగానే ఆపేసింది. అంటే మావాడు పొద్దున షట్, నో షట్ తప్పు లేకుండా కొట్టి ఉన్నా, పోర్టు లేచి మళ్లీ పడిపోయేది. ముందు పాత అడ్రస్ తుడిచెయ్యాలి. క్లియర్ పోర్ట్-సెక్యూరిటీ స్టిక్కీ అనే ఆ కమాండ్ బ్రాకెట్ లేని #లో, అంటే ప్రివిలేజ్డ్ మోడ్‌లో కొట్టేది. మావాడు కాన్ఫిగ్-ఐఎఫ్‌లో ఉండి కొట్టాడు. టోపీ గుర్తు వచ్చింది. ఈసారి ఆగాడు, పైకి చూశాడు, ఎండ్ కొట్టి #కి వచ్చి మళ్లీ కొట్టాడు. తర్వాత 5లోకి వెళ్లి, అంకె పైకి చదివి, షట్, నో షట్. నాలుగూ ఇరవైకి కాటా పీసీలో నెట్ వచ్చింది.